మూడుసార్లు చెప్పే మనిషి

ఆయన్ని వీధిలో అందరూ మైకుగారనే అంటారు. చాలా ఏళ్లు ప్రచారపు వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని బట్టల కొట్లకీ ఫర్నిచర్ షాపులకీ గొంతు అరువిచ్చాడు. వ్యాను కదులుతూ ఉంటుంది కాబట్టి ప్రతి మాటా మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి వీధి మొదట్లో ఉన్నవాడికి, రెండోసారి మధ్యలోవాడికి, మూడోసారి చివరివాడికి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. కంచం ముందు కూర్చుని "ఉప్పు, ఉప్పు, ఉప్పు" అంటాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆయన విననిది ఒక్కటే, జవాబు. అది వచ్చేసరికి బండి సందు తిరిగిపోయేది.

గొంతు బొంగురుపోయాక వ్యాను దిగిపోయాడు. అప్పటికే భార్య కుర్చీలో వీపు వెనక పెట్టుకునే దిండ్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. కొనేవాళ్లకి మెసేజీలు రాసే పని ఆయన నెత్తినేసుకున్నాడు.

"రండి! తరలిరండి! దిండ్ల చరిత్రలోనే కనీవినీ ఎరుగని అద్భుతం!" అని రాసి, మూడుసార్లు పంపాడు.

"ఎక్కడికి తరలిరావాలండీ? మన ముందుగదిలోకా? అక్కడ దిండ్లకే చోటు లేదు" అంది భార్య.

ఎవరో ఒకావిడ "కవరు ఊడదీసి ఉతకొచ్చా?" అని అడిగింది. నాణ్యతే మా ప్రాణం, నమ్మకమే మా ఊపిరి అని మూడుసార్లు జవాబిచ్చాడు. ఆవిడ వీళ్ల నంబరు బ్లాక్ చేసేసింది.

"చూశావా? ఇక మాట్లాడలేదు" అన్నాడు గర్వంగా.

దిండ్లు ముందుగది దాటి మంచం ఎక్కాయి. మొగుడూ పెళ్లాం చెరో అంచున పడుకుంటున్నారు. చివరికి ఆవిడ తేల్చేసింది.

"ఆదివారం మా తమ్ముడొస్తున్నాడు. ఫోను వాడికిచ్చెయ్యండి. మీరు హాయిగా కూర్చోండి."

హాయిగా కూర్చోమనడమే ఆయనకి గుచ్చుకుంది. గొంతు ఎలాగూ పోయింది. ఫోనూ పోతే ఆ ఇంట్లో ఇక తనకి మిగిలేది కుర్చీయే. పౌరుషానికి పోయి, గుమ్మంలో నిలబడి దారినపోయేవాళ్లకి దిండ్ల గొప్పదనం చాటాడు. మధ్యాహ్నానికి ఉన్న గొంతు కాస్తా మూగబోయింది. ఆదివారం దాకా నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. ఒక్కసారి కూడానా అన్నట్టు ఈయన వేలు చూపిస్తే, "ఒక్కసారి కూడా" అని జవాబు చెప్పింది భార్యే.

దాంతో ఏం కావాలన్నా పక్కగదిలో కుట్టుమిషను దగ్గరున్న భార్యకి ఫోన్లో రాసి పంపాల్సి వచ్చింది. బొటనవేలు పీకేసరికి మూడుసార్లు కాస్తా ఒక్కసారైంది. శనివారం ఇలా రాశాడు: "గంట కూర్చునేసరికి నడుం పట్టేసింది. ఆ నీలం దిండు ఇటు పడెయ్. పట్టీ ఉన్నదే కావాలి, లేకపోతే జారిపోతోంది. ఉతికిన కవరు తొడుగు."

ఆవిడ దిండు తెచ్చి వీపు వెనక దోపింది. ఆ మెసేజీని ఉన్నదున్నట్టు, కింద ధర వేసి, కొనేవాళ్ల గ్రూపులో పెట్టేసింది.

మైకుగారు లేచి గంతులేశాడు. నా నడుం గోల ఊరంతా చాటుతావా అని వాటి అర్థం.

"నడుం మీ ఒక్కరికే ఉందా?" అందావిడ.

ఫోను టింగుమంది. "మా ఇంట్లోనూ ఇదే బాధ. ఆ నీలందే ఉందా?" వెనకే ఇంకొకరు: "పట్టీ ఆఫీసు కుర్చీకి సరిపోతుందా?"

మైకుగారు ఆ ప్రశ్నల్ని నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత ఎదురింటివాళ్ల ఆఫీసు కుర్చీ సైగలతోనే అడిగి తెచ్చి, పట్టీ బిగించి, తనే ఎక్కి కూర్చుని అటూ ఇటూ ఊగాడు. "సరిపోతుంది. కూర్చుని చూశాను" అని రాసి పంపాడు. రెండోసారి పంపడానికి వేలు మళ్లీ అక్కడికే పోబోయింది. దాన్ని పిడికిట్లో దాచుకున్నాడు.

ఆదివారం బావమరిది గుమ్మంలోంచే చెయ్యి చాపాడు. "ఏదీ బావా, ఫోనిలా పడెయ్. ఈ వయసులో నీకెందుకీ తిప్పలు?"

మైకుగారు తలెత్తలేదు. ఎవరికో కవరు ఊడదీసే పద్ధతి రాస్తున్నాడు.

"ఆయన పనిలో ఉన్నార్రా. నువ్వు దిండ్లు ప్యాక్ చెయ్" అంది అక్క.

"నన్ను పిలిచింది ఇందుకా అక్కా?"

"మరి నువ్వు రాత్రికి ఎక్కడ పడుకుంటావ్, వాటి మీదా?"

సాయంత్రానికి మైకుగారికి మాట తిరిగొచ్చింది. గొంతు సవరించుకుని పక్కగదిలోకి కేకేశాడు.

"ఏమేవ్! నీలం అయిపోయాయి! నీలం..."

"వినపడింది లెండి" అంది ఆవిడ, మిషను ఆపకుండానే. "ఇల్లేం కదలట్లేదు కదా."