నా పిక్కకు ఆర్డరిచ్చిందెవరు?

మాది విజయనగరం వైపు పల్లె. అరకులోయ దగ్గర బడిలో సైన్సు టీచర్ని. ఆ రోజు పొద్దున్నే తొమ్మిదో తరగతికి, "మెదడు నరం ద్వారా ఆర్డరిస్తేనే కాలి కండరం బిగుసుకుంటుంది, లేకపోతే ఒక్క పోగు కూడా కదలదు" అని బల్ల గుద్ది మరీ చెప్పాను.

సాయంత్రం మా బడిపిల్లల ఊళ్లో పెళ్లి. థింసా ఆటలోకి నన్నూ లాగారు. ఆడవాళ్లంతా వీపుల వెనక చేతులు పెనవేసుకుని వరసగా ఆడతారు. కొసన ఉన్నావిడ ఎలా అడుగేస్తే అందరూ అలాగే వెయ్యాలి. టీచరమ్మనని గౌరవించి ఆ కొస నాకే ఇచ్చారు!

కాసేపటికి ఎడమ పిక్క రాయిలా పట్టేసింది. ప్రాణం పోయినంత పనైంది. విడిపించుకుందామంటే పక్కనున్న పెళ్లికూతురి పెద్దమ్మ చెయ్యి వదల్లేదు. "అమ్మో!" అని అరిచి ఒంటికాలి మీద గెంతాను. వెంటనే వరసంతా "అమ్మో!" అని అరిచి ఒంటికాలి మీద గెంతింది. డప్పులవాళ్లు దరువు కూడా మార్చేశారు.

చివరికి కూలబడ్డాను. నాతోపాటు సగం వరస కూలింది.

"ఇదీ స్టెప్పేనేటి టీచరమ్మా?" అంది పెద్దమ్మ, నా మీద పడి ఉండగానే.

పాదం వేళ్లు పైకి వంచి పట్టుకున్నాక గానీ పిక్క వదల్లేదు.

మర్నాడు క్లాసులో వెనక బెంచీ గుంట ఒకతి లేచింది. "టీచర్, నిన్న మీ పిక్కకి ఆర్డరెవలిచ్చేరండి?"

కండరం అలసిపోతే నరం ఒక్కోసారి మెదడుని అడక్కుండానే ఆర్డరిచ్చేస్తుందని ఒప్పుకున్నాను.

ఆ ఊళ్లో ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ గెంతు గెంతుతున్నారట. నా పిక్క సంగతేమో గానీ, వాళ్లందరి కాళ్లకీ ఆర్డరిచ్చింది మాత్రం నేనే!