ఐదు లొట్ల ఆదివారం

ఉద్యోగంలో నేను టెస్టర్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. ఒకే ఒక్క ఆదివారం మాత్రం ఆ 'టె' కాస్త సాగి టేస్టర్నయ్యాను. రెండు హోదాల్లోనూ నా పనితనం ఒకేలా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

తొంభైల చివర అది. మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. వాటి చుట్టూ ఇంకా బండరాళ్లదే రాజ్యం. సీమ నుంచి వచ్చిన నేను మణికొండలో ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. ఆదివారాలు పొద్దున్నే నానక్‌రామ్‌గూడ వైపు నడిచేవాణ్ణి. ఆరోగ్యం కోసం నడుస్తున్నానని ఇంటికి ఉత్తరాల్లో రాశాను. నడక ఎక్కడ ఆగేదో రాయలేదు.

ఆగేది ఐదు తాటిచెట్ల కింద. మంచులో దూరం నుంచి చూస్తే చెట్లకు మొదళ్లు ఉండేవి కావు, తలలు మాత్రమే గాలిలో తేలుతుండేవి. దగ్గరికి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటీ నేల మీదికి దిగేది. చుట్టుపక్కలవాళ్లు కల్లు తాగే ఆ చోటును మండువ అనేవారు. అక్కడ కల్లు గీసేది యాభై దాటిన ఒక గౌడన్న. లొట్టి, అంటే కల్లు కుండ, వంచి పోసేది ఆయన భార్య. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. తాటాకును దొన్నెలా మడిచి, రేక అని చేతిలో పెట్టేవారు. రెండు చేతులతో పట్టుకుని నోటికి ఆనిస్తే ఆమె పైనుంచి పోసేది. మొదటి నాలుగు చుక్కలు నేలకు, ఎల్లమ్మ తల్లికి. మిగిలింది మనకు. క్రమం తప్పకుండా వచ్చేవాళ్లను వాడిక అంటారు. ఆ వాడికల్లో నేనొకణ్ణి. షేర్ ఆటో నడిపే బోరబండ అన్న ఒకరు, బండలు కొట్టే ఒక పెద్దాయన మరొకరు.

ఒక ఆదివారం రేకలు మడవకుండా గౌడన్న మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆ నేల చేతులు మారిందట. కొన్నవాళ్లు గోడ కట్టబోతున్నారు. ఎంతో అడిగితే, గోడను మూరెడు వంచి ఒక్క చెట్టును బయటికి వదలడానికి ఒప్పుకున్నారట. ఏ చెట్టో వారంలోపు చెప్పాలి.

"నన్ను అడిగితే నేనేం చెప్త? ఐదింటినీ మా నాయిన పెట్టిండు. మీరే తాగి చెప్పుర్రి. ఏది బాగుంటె గదే ఉంటది," అన్నాడు.

అక్కడ నాలోని టెస్టర్ లేచి నిలబడ్డాడు. కూర్చోమని చెప్పేవాళ్లు పక్కన ఎవరూ లేకపోయారు. ఇది పద్ధతి ప్రకారం జరగాలన్నాను. ఏ లొట్టి ఏ చెట్టుదో తాగేవాళ్లకు తెలియకూడదు. గౌడన్న దించి ఇచ్చిన లొట్లను అక్క ఒక్కతే తమ గుడిసె వెనక్కి తీసుకెళ్లి, అడుగున బొగ్గుతో గీతలు పెట్టాలి. దారి పక్కన పొట్టిచెట్టుకు రెండు గీతలు, అన్నిటికన్నా పొడుగైనదానికి నాలుగు, అట్లా ఒకటి నుంచి ఐదు దాకా. తర్వాత లొట్లను అటూ ఇటూ మార్చేసి, తనకు తోచిన వరసలో పోయాలి. గీత పనివాడి రాతను గీతలే తేల్చాలని, నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్క అంతా శ్రద్ధగా వింది. పొడుగుచెట్టు సంగతి వచ్చినప్పుడు మాత్రం భర్త వైపు చూసింది. పోయిన వానాకాలం ఆయన ఆ చెట్టు మీదే జారాడు. నడుముకు కట్టిన మోకు పట్టి నిలిపింది గానీ, చర్మం లేచిపోయిన ఛాతీకి ఆమె నెల రోజులు పసుపు రాసింది.

మరుసటి ఆదివారం ఐదు లొట్లూ దిగాయి. గౌడన్న తాను తాగనన్నాడు, తాగితే గుర్తుపడతాడట. మాకు వీపు పెట్టి బండ మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

పద్ధతిలో నేనొక్కటి మరిచిపోలేదు, అదే నా కొంప ముంచింది. రుచి చూసేవాళ్లు మింగరని, పుక్కిలించి ఉమ్మేస్తారని ఆఫీసులో ఎవరో తెచ్చిన విదేశీ పత్రికలో చదివాను. మొదటి రేక నోట్లో తిప్పి, పక్కకు తిరిగి ఉమ్మాను.

నూరుతున్న కత్తి ఆగింది. అక్క చేతిలో లొట్టి ఆగింది. ఆటో అన్న నా భుజం మీద చెయ్యి వేసి, ఇక్కడ వాంతి అయినవాళ్లు కూడా జర దూరం పోయి చేసుకుంటరు అని మెల్లగా చెప్పాడు.

"తల్లికి పోసిన జాగల ఉమ్ముతరా బిడ్డా?" అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

పరిహారంగా మొదటి లొట్టి నుంచే మళ్లీ మొదలుపెట్టి, ఐదింటినీ నిండు రేకలుగా మింగాను.

ఆ తర్వాత లోకం నీళ్ల అడుగున ఉన్నట్టు కదిలింది. తాటి మట్టలు రాసుకుంటే పైన ఎక్కడో వాన పడుతున్న చప్పుడు, ఒంటి మీద మాత్రం ఎండ. ఒక లొట్టి తియ్యగా, లేత ముంజలా జారింది. ఇంకొకటి వగరు. నాలుగోసారి పోసినది మాత్రం వేరు. మొదట తీపి, వెనకాలే సన్నని పులుపు, అదీ పోయాక పొగమంచు లాంటిదేదో నాలుక మీద మిగిలింది. మేం ముగ్గురం ఒకరినొకరు అడక్కుండానే దాన్నే చూపించాం. బండల పెద్దాయన అయితే కళ్లు మూసుకునే చూపించాడు.

అక్క లొట్టి ఎత్తి, అడుగు తనవైపు తిప్పుకుని చూసింది. భర్త వీపు వైపు ఒకసారి చూసింది.

"పొట్టిది," అంది.

గౌడన్న ఇటు తిరిగాడు. ఆమె చేతిలో లొట్టిని చూశాడు, ఆమెను చూశాడు. మళ్లీ కత్తి వైపు తిరిగాడు.

"అయితె పొట్టిదే," అన్నాడు.

అందరూ లేచాక, వృత్తి ధర్మం ఊరుకోనివ్వక ఆ లొట్టి ఎత్తి చూశాను. నాలుగు గీతలున్నాయి. లేదా రెండు గీతలున్నాయి, ఐదు రేకలు తాగిన నా కళ్లు వాటిని నాలుగు చేశాయి. దూరంగా ఉన్న అక్కను చూశాను. ఇద్దరు అక్కలు కనిపించారు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు, ఇద్దరి చూపులోనూ ఒకటే మాట ఉంది. లొట్టిని కింద పెట్టేశాను. నేను పట్టుకుని కూడా నివేదించని మొదటి తప్పు అదే, నిజంగా పట్టుకుని ఉంటే.

ఆ నెలలోనే నాలుగు చెట్లు పడ్డాయి. పొడుగుదాన్ని చివరన కొట్టారు. అది పడేటప్పుడు గౌడన్న పొట్టిచెట్టు మీద ఉన్నాడట, దిగలేదట.

గోడ లేచాక ఒక ఆదివారం నేనొక్కణ్ణే ఉన్నాను. అక్క నీళ్లకు పోయింది. గౌడన్న రేక మడుస్తూ, నువ్వు ఆ రోజు లొట్టి ఎత్తి చూస్తివి గదా సారూ, అన్నాడు. 

"నాకు ఎత్తే పని లేకుండె. పొడుగుదాని మీద గాలి ఎక్కువ, లొట్టి ఊగుతది. ఆ లొట్టి మెడకు రెండు పేటల తాడు కడ్త. మిగిలినయాటికి ఒక్కటే పేట."

ఆ తాడు నా కళ్లముందే ఉంది, రుచి చూసిన ఆ పూటంతా. దొంగతనంగా అడుగు చూసిన టెస్టర్‌కు మెడ కనిపించలేదు.

"మరి అక్కకు చెప్పలేదా అన్నా?" అని అడిగాను.

"ఏం చెప్త? ఆమె దినాం నేను జార్తనేమో అని కింద నిలబడి పైకి చూస్తుంటది. నేను పై నుంచి దూరం చూస్త, మేడలు దగ్గరికొస్తున్నయని. ఎవరి భయం వాళ్లది." మడిచిన రేక నా చేతిలో పెట్టి, "నీకు ఎరుకైనట్టు ఆమెకు తెల్వనియ్యకు," అన్నాడు.

అక్క బిందె దింపి వచ్చింది. రేక పట్టుకోమని లొట్టి వంచింది. మొదటి చుక్కలు నేలకు జారాయి. పొట్టిచెట్టు కల్లు తియ్యగానే ఉండేది, పాపం, తీపి తప్ప మరేమీ ఉండేది కాదు. ఎట్లుంది అని ఆమె ఎప్పట్లాగే అడిగింది.

"ఆ రోజు తాగిందే అక్కా," అన్నాను. "అదే రుచి."

గౌడన్న నా చేతిలో రేక సరిచేసి, ఇంకొకటి పొయ్యమన్నాడు.