ఏడో వరస గోంగూర

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి: నా అంత పనిమంతురాలు లేదనీ, లేత గోంగూర కనిపిస్తే గిల్లకుండా వదలడం పాపమనీ. ఈ రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో ఇరవై రెండేళ్ల వయసులో నాకేం తెలుసు? హిందీ మాట్లాడే పరాయి రాష్ట్రంలో, అభన్‌పూర్ దగ్గర ఒక పరిశోధన పొలంలో, నార కోసం పెంచే గోగు మొక్కల ఎత్తు కొలవడం నా మొదటి ఉద్యోగం. (ఆ ఆకులు చూసి గంజాయి తోటేమోనని జనం స్కూటర్లు ఆపి మరీ తొంగిచూసేవారు.) అన్నీ ఒకే రోజు విత్తినా ఒక వరస నడుం దాకా వచ్చి ఆగేది, ఇంకొకటి తల దాటిపోయేది. వాటిలో కొమ్మలు వేయకుండా నిటారుగా ఎదిగేవాటిని ఏరి, మా పై అధికారిణి నాలుగేళ్లుగా కొత్త రకం తయారుచేస్తోంది. ఆవిడ అందరికీ దీదీ. ఏడో వరస మీద దీదీకి ప్రాణం. ఆరంగ్ నుంచి ఒక ముసలి రైతు, తన దగ్గర మిగిలిన ఆఖరి గుప్పెడు గింజలు తెచ్చి ఆవిడ చేతిలో పోశాడు. ఏడో వరసలో వేసినవి అవే. రెండు నిలువుల ఎత్తు పెరుగుతుందన్నాడట.

అంత మంచి వరసకు ఆకు కూడా అంత బాగానే ఉంటుంది మరి! శనివారం శనివారం దాని చివుళ్లు గిల్లి, టిఫిన్ డబ్బాలో కుక్కి ఇంటికి తెచ్చేదాన్ని. "ఏటే ఇది, ఇంత లేతాకు! మండీలో అంతా ముదురేనే. వచ్చే వారం కూడా తెస్తావేటి?" అని మా అమ్మ (రైల్వే క్వార్టర్లో కూర్చుని శ్రీకాకుళం కోసం బెంగపడే మనిషి) మురిసిపోతూ పచ్చడి నూరేది. తల గిల్లిన మొక్క పైకి పోవడం మాని పక్క కొమ్మలు వేస్తుందని పరీక్షలో రాసి పాసయినదాన్నే. ఆ సంగతి గోంగూరకూ వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. సోమవారం కొలకర్ర పట్టుకెళ్లి, ఏడో వరస ఎదగడం లేదని ఎంతో నిజాయితీగా పుస్తకంలో రాసేదాన్ని.

పూతకు ముందు దీదీ వచ్చింది. పుస్తకం చూసింది, గుబురుగా కూర్చున్న మొక్కల్ని చూసింది. "ఏదైనా మేసిందా? రోజూ ఉండేది నువ్వే కదా, సచ్ బతా, నిజం చెప్పు" అంది. అప్పుడు వెలిగింది నాకు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. "నహీఁ దీదీ, దీని జాతే పొట్టి" అన్నాను. దాని పుప్పొడి మిగతావాటికి అంటకూడదని ఆ పూటే వరసంతా పీకించేసి, ఆవిడ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

వారం తిరక్కుండా ఆరంగ్ తాత తన మొక్కలు చూసుకుందామని బస్సెక్కి వచ్చాడు. ఖాళీ వరస చూపించాను. వంగి మట్టి చేత్తో నలిపి చూసి, "బీజమే ముసలిదైపోయుంటుంది నోనీ, నువ్వేం బాధపడకు" అని తిరిగి నన్నే ఓదార్చాడు. (అక్కడ ఆడపిల్లని నోనీ అని పిలుస్తారు.) అన్నం వేళయింది. డబ్బా విప్పి, ఆఖరి శనివారం గిల్లిన ఆకుతో అమ్మ నూరిన పచ్చడీ అన్నమూ ఆయనకూ పెట్టాను. పచ్చడి నాలిక్కి రాసుకోగానే తాత మొహం విప్పారింది. "వాహ్! ఏ ఊరి ఆకు నోనీ ఇది? దీని గింజలు నాకు కాసిన్ని ఇప్పిస్తావా?" అన్నాడు.

ఇప్పిస్తానన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, చెంప ఛెళ్లుమనిపించాలనీ ఉంటుంది. కానీ ముద్ద దిగక గుటగుటా నీళ్లు తాగుతున్న ఆ పిల్ల మొహం గుర్తొస్తే, కొట్టడానికి చెయ్యి రాదు.