కల్లం సార్ పెట్టిన సీ-పైతాన్ పందెం

ఆ వయసులో నాకు వేగమంటే వెర్రి. నడిస్తే వేగం, తింటే వేగం, మాట్లాడితే ఎదుటివాడికి సగం మాటలు అందనంత వేగం. చీపురుపల్లి స్టేషన్లో రైలు దిగి కాలేజీ బస్సు దాకా నడిచే ఆ కాస్త దూరంలో కూడా నన్నెవరూ దాటకూడదనుకునేవాణ్ణి. (దాటిపోయిన వాళ్ళెవరికీ మా మధ్య పందెం నడుస్తోందని తెలియదు, అది వేరే సంగతి.) అలాంటివాణ్ణి కాబట్టే కంప్యూటర్ భాషలన్నిట్లోకీ సీ నాకు కులదైవమైపోయింది. దానంత వేగంగా పరిగెత్తేది ఇంకోటి లేదని ఎక్కడో చదివాను. ఇక మిగతావి చదవడం మానేశాను.

చీపురుపల్లి దాటాక రెండు పక్కలా వరిచేలు, మధ్యలో మా ఇంజినీరింగ్ కాలేజీ. గట్టి వాన పడితే క్లాసుకి మాకంటే ముందు కప్పలు హాజరయ్యేవి. అందులో నేను కాంట్రాక్టు లెక్చరర్ని. ఏటా వేసవి చివర్లో ప్రిన్సిపాలుగారు దయతలిస్తే ఇంకో ఏడాది, లేకపోతే లేదు. మా అమ్మకి ఈ కాంట్రాక్టు గొడవలేవీ తెలియవు. "మావోడు కంపూటర్ పొపెసరు" అని బస్సులో పక్క సీటావిడకి కూడా చెప్పేది. ఆ మాట నిలబెట్టాలంటే నాకున్న ఆధారం ఒక్కటే, మొదటి సంవత్సరం పిల్లలకి సీ చెప్పడం. అది తప్ప నాకు ఇంకో సబ్జెక్టు ఇవ్వలేదు. ఇచ్చినా నాకు రాదు.

మొదటి రోజు నేను చెప్పే పాఠం ఎప్పుడూ ఒకటే. కంప్యూటర్‌కి మనం రాసేది నేరుగా అర్థం కాదు, దాని భాషలోకి ఎవరో ఒకరు మార్చాలి. సీలో కంపైలర్ అనే పెద్దమనిషి ప్రోగ్రామంతా ముందే మార్చి పెట్టేస్తాడు. పెళ్ళి వంటలాగన్నమాట, బంతి కూర్చునేసరికి గుండిగలన్నీ దించి ఉంటాయి, ఇక వడ్డించుకుపోవడమే. పైతాన్‌లో ఇంటర్‌ప్రెటర్ అనే ఆయన ఒక్కో వరసా చూసుకుంటూ అప్పటికప్పుడు పని చేయిస్తాడు. అది అట్లు పోసినట్టు. ఒకటి తిని, రెండోది కాలేదాకా వేళ్ళు నాక్కుంటూ కూర్చోవాలి. "మరి మీకు పెళ్ళి భోజనం కావాలా, అట్టు కావాలా?" అని నేను గర్జించేవాణ్ణి. "అట్టే కావాల సార్" అని వెనక బెంచీ నుంచి ఎవడో అనేవాడు. వాణ్ణి నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

ఇలా రోజులు గడుస్తుండగా విజయనగరం నుంచి పైతాన్ మేడమ్ దిగింది. అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ సంగీతం మేష్టర్లేనట. అందుకేనేమో, ఆవిడ మాట్లాడుతుంటే తొడ మీద తాళం వేసుకుంటూ మాట్లాడుతున్నట్టుండేది. తొందరన్నది ఆవిడ ఒంట్లో లేదు. నేను ఒక్క పీరియడ్లో ముగించే పాఠాన్ని ఆవిడ మూడు పీరియడ్లు చెప్పేది, విచిత్రమేమిటంటే ఆవిడ పిల్లలకి అది అర్థమయ్యేది కూడా. ఆవిడకి పైతాన్ కాక ఇంకా రెండు సబ్జెక్టులుండేవి. ఆవిడ ఉద్యోగానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు.

ఢోకా వచ్చింది నాకే, అదీ కొత్త ప్రిన్సిపాలుగారి రూపంలో. ఆయనది పాతపట్నం వైపు వ్యవసాయ కుటుంబం. చదివింది మెకానికల్, చెప్పే ఉపమానాలన్నీ ధాన్యం నూర్చే కల్లంలోవి. పిల్లలు ఆయనకి కల్లం సార్ అని పేరు పెట్టారు. ఒకరోజు నన్నూ, పైతాన్ మేడమ్‌నీ గదికి పిలిచి, కుర్చీలు చూపించి, నేరుగా విషయంలోకి వచ్చేశారు.

"ఏటి మాస్టారూ, మొదటి సమచ్చరం పిల్లలకి రెండు బాసలెందుకు? ఒక నాగలికి రెండు జతల ఎడ్లు కడతారేటి?"

"సార్, అది సిలబస్..." అని నేను నసిగాను.

"సిలబస్ సంగతి నేను సూస్తాను. ఏది బేగి నడుస్తాదో అది ఉంచుదాం. రెండోది అక్కర్లేదు. సెనివారం లేబ్‌లో రెండిటికీ పందెం ఎట్టండి. అందరి ముందూ తేలిపోద్ది."

రెండోది అక్కర్లేదంటే, రెండోది చెప్పేవాడూ అక్కర్లేదని. ఆ మాట ఆయన అనలేదు, నాకు వినబడింది. అయినా బయటికొచ్చేసరికి నాకు భయం పోయి నవ్వొచ్చింది. వేగంలో సీతో పైతాన్ పందెమా? మా బస్సుతో ఎడ్లబండి పోటీ పడటమే! "మేడమ్, ఏమీ అనుకోకండి" అని ముందే ఓదార్చాను కూడా. ఆవిడ "పర్లేదు సార్, పందెమంటే సరదాగానే ఉంటాది" అని తాపీగా లేబ్‌లోకి వెళ్ళిపోయింది.

ఆ వారం కాలేజీ కాలేజీ కాదు. సీ పార్టీ, పైతాన్ పార్టీ అని పిల్లలు రెండుగా చీలిపోయారు. కేంటీన్లో మిరపకాయ బజ్జీలు పందెం కాశారు. సివిల్ బ్రాంచి వాళ్ళకి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు, అయినా రెండు పార్టీల దగ్గరా బజ్జీలు తిన్నారు. కల్లం సార్ పందెం లెక్క కూడా తనే ఇచ్చారు. నూర్పులైన కల్లంలో కుప్పలున్నాయి, కుప్పల్లో కుంచాలకొద్దీ ధాన్యం ఉంది, కుంచంలో గింజలున్నాయి. ఏ గింజనీ వదలకుండా ఒక్కొక్కటే లెక్కపెట్టాలి.

నేను నా ప్రోగ్రాముని పందెం ఎద్దుని మేపినట్టు మేపాను. పనికిరాని వరసలన్నీ పీకేశాను. మొత్తం ఎన్ని గింజలో చివర్లో చూపించే వరస కూడా బరువేననిపించి దాన్నీ పీకేసి, "అయిపోయింది" అని ఒక్క ముక్క పెట్టాను. (వేగం చూస్తారు కానీ గింజలెవరు చూస్తారు?) కంపైలర్‌కి "ఇంకా తెలివిగా ఆలోచించు, ఇంకా వేగంగా నడిపించు" అని చెప్పే మీట ఒకటుంటుంది. దాన్ని చివరంటా తిప్పి వదిలాను.

శనివారం లేబ్‌లో కాలు పెట్టే చోటు లేదు. కిటికీల్లోంచి కూడా తలకాయలే. ముందు పైతాన్. మేడమ్ మీట నొక్కింది. కంప్యూటర్‌లో ఫ్యాను గుర్రుమంది. చూస్తున్నాం, చూస్తున్నాం, కల్లం సార్ టీ తెప్పించుకుని తాగారు, కప్పు కడిగించారు, ఇంకా చూస్తున్నాం. చివరికి తెర మీద గింజల లెక్క ఇంత పొడుగున వచ్చి నిలబడింది. పైతాన్ పార్టీ ఏదో మొహమాటానికి చప్పట్లు కొట్టింది. తరవాత నేను. చొక్కా చేతులు మడిచాను. మీట మీద వేలు అలా ఆనించానో లేదో, తెర మీద "అయిపోయింది" అని వచ్చేసింది!

లేబ్ పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. "ఓలమ్మో, సారూ!" అంటూ పిల్లలు నన్ను ఎత్తేశారు. గాల్లో ఉండగానే కాలరు సర్దుకున్నాను. ఆ సంతోషం ఎలాంటిదో ఇప్పుడు చెప్పాలన్నా మాటలు చాలవు, నెత్తి మీద ఫ్యాను ఒకటి తగలకుండా ఉంటే ఇంకా పైకి పోయేవాణ్ణి. కింద పైతాన్ మేడమ్ నా తెర వైపు వంగి కాసేపు చూసింది. తరవాత నా వైపు చూసింది. చిన్నగా నవ్వి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. పాపం, ఓటమిని ఎంత హుందాగా ఒప్పుకుందో అనుకున్నాను.

ఒప్పుకోనిది కల్లం సారే.

"ఏటిది? నొక్కీసరికి అయిపోనాదా?"

"సీ అంటే అదే సార్!" అన్నాను గాల్లోంచే.

"ముందు కిందకి దిగండి మాస్టారూ. నోరు ఇప్పకుండా కొలిసేత్తే రైతు ఒప్పుకుంటాడేటి? మా కల్లాల్లో కొలిసీవోడు కుంచం కుంచానికీ పైకి అనాల. లాభం, రెండు, మూడు అని అందరికీ ఇనపడాల. అనకపోతే అది కొలతే కాదు. మీ రెండు పోగ్రాములూ నోరిప్పాల."

మా వైపు కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. శుభంగా మొదలవ్వాలని. (సీలోనూ పైతాన్‌లోనూ లెక్క సున్నాతో మొదలవుతుందని ఆయనతో చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.) సరే, గింజలు వదిలేసి కుంచాలు పట్టుకున్నాం. ప్రతి కుంచానికీ తెర మీద ఒక వరస పడాలి, కుప్ప మారినప్పుడల్లా మళ్ళీ లాభంతో మొదలవ్వాలి. ఆ నల్లటి తెర మీద తెలుగు అక్షరాలు ఖాళీ డబ్బాల్లా కనబడుతున్నాయని లాభాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాం. ఈసారి రెండు కంప్యూటర్లలోనూ ఒకేసారి పందెం. లేబ్ మావ జెండా ఊపాడు. లేబ్ మావంటే మా లేబ్ అసిస్టెంటు, కాలేజీ అంతటికీ మావే. ఆయన ఊపింది జెండా కూడా కాదు, కంప్యూటర్లు తుడిచే పసుపు గుడ్డ.

లాభం, రెండు, మూడు, నాలుగు... వరసలు జలపాతంలా జారుతున్నాయి. పిల్లలు తెరతోపాటు గొంతెత్తి "లాభం! రెండు! మూడు!" అని అరవడం మొదలెట్టారు, కాసేపటికి తెరని అందుకోలేక ఊరికే "లాభం! లాభం!" అని అరిచారు. అంతా కేరింతల్లో ఉండగా నేను మాత్రం ఈ తెర నుంచి ఆ తెరకి తల తిప్పి చూశాను. రెండు తెరలూ ఒకేలా జారుతున్నాయి! నా సీ ఎంత గబగబా కొలిచినా ఏం లాభం, ఆ తెర ఒక్కో వరసా రాసేదాకా అది నిలబడి ఎదురుచూడాల్సిందే. కొలిచేవాడు ఎంత చురుకైనవాడైనా, కేక వేసే గొంతు నెమ్మదైతే కొలత ఆ గొంతు వెనకాలే నడుస్తుంది. నా పెళ్ళి వంట గుండిగల్లో అలాగే ఉంది, వడ్డించే గరిటె మాత్రం ఒక్కటే.

అయినా ఒక వెంట్రుకవాసి ముందున్నాను. అంతలో పైతాన్ తెర మీద ఉన్నట్టుండి ఏమీ కనబడలేదు. వరసలు పడే ఆ నల్లటి కిటికీ, అదే విండో, కిందికి దిగిపోయి వెనకనున్న కాలేజీ గేటు ఫొటో కనిపిస్తోంది. "ఆగిపోయింది, ఆగిపోయింది!" అని మా పార్టీ గంతులేసింది. మేడమ్ తాపీగా కిటికీని పైకి తెచ్చింది. అక్కడ పైతాన్ చివరి కుప్ప చివరి కుంచం కొలిచేసి చేతులు దులుపుకుని కూర్చుంది. నా సీ ఇంకా కొలుస్తూనే ఉంది!

"కిటికీ ఎవరు దించారు?" అని కేక పెట్టాను.

"నానే సార్," అన్నాడు లేబ్ మావ పసుపు గుడ్డతో మొహం తుడుచుకుంటూ. "ఆ అంకెలు అలగ తిరగతా ఉంటే నాకు తల తిరిగిపోతన్నాది. పొద్దున ఏటీ తిన్లేదు. అందుకని కిందకి నొక్కేసినాను."

కిటికీ దించేస్తే తెర మీద బొమ్మ గీసే బాధ తప్పుతుంది, లోపల పని పరుగెడుతుంది. ఆ సంగతి నాకు ఆ క్షణంలో వెలిగింది. ఇక చూడండి, నేను బల్లెక్కాను. ఇది అన్యాయమన్నాను, మోసమన్నాను, చెల్లదన్నాను, నా కిటికీ కూడా దించాలన్నాను. గొంతు బొంగురుపోయింది. అరుస్తున్నది పైకి సీ కోసం, లోపల మా అమ్మ కోసం. వచ్చే వేసవి తరవాత బస్సులో పక్క సీటావిడకి ఆవిడ ఏం చెప్పుకుంటుందా అని నాకు ఏడుపొస్తోంది.

కల్లం సార్ మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని అన్నారు: "మా కల్లంలోనూ ఇంతే మాస్టారూ. ఎవులూ సూడనప్పుడే కొలత బేగి అయిపోద్ది." లేబ్ అంతా గొల్లుమంది. ఆయన చెయ్యెత్తారు. "ఒకటేమో నోరు మూసుకుంటే బేగి ఎళ్తాది, ఇంకోటేమో సూడకపోతే బేగి ఎళ్తాది. ఏదొక్కదాన్నీ నమ్మి పిల్లల్ని అప్పజెప్పలేం. రెండూ ఉంటాయి. గాని ఒక్క మాట. ఒకలి కలాసులో ఒకలు కూకుని నేర్సుకోవాల."

నేను బల్ల మీంచి దిగలేదు, దూకాను. పిల్లలు మళ్ళీ ఎత్తేశారు, ఈసారి మేడమ్ పార్టీ వాళ్ళు కూడా చెయ్యి వేశారు. బజ్జీలు ఎవరు ఎవరికి పెట్టాలో తేలక అందరూ అందరికీ పెట్టారు. లేబ్ మావకి మాత్రం రెండు పార్టీలూ విడివిడిగా పెట్టాయి.

ఆ మాట ప్రకారం పైతాన్ క్లాసులో వెనక బెంచీలో, అట్టు కావాలన్న కుర్రాడి పక్కనే కూర్చున్నాను. మొదట్లో నామోషీగా ఉండేది, తరవాత తరవాత నాకూ అర్థం కావడం మొదలైంది. వేగాన్ని ఎలా కొలవాలో చెప్పిన రోజున మేడమ్ తన తాళంలో తాను ఇలా అంది: "కంపైలర్ మనకంటే తెలివైనోడు. మనం లెక్కపెట్టమంటాం. ఆ లెక్క చివర్లో ఎక్కడా వాడం, ఎవరికీ చూపించం. అప్పుడాయన అనుకుంటాడు కదా, దీని మొహం ఎవడూ చూడనప్పుడు నేనెందుకు కష్టపడాలి అని. ఒక్క గింజ కూడా లెక్కపెట్టకుండా అయిపోయిందనేస్తాడు. మనమేమో వేగమంటే ఇదీ అని చంకలు గుద్దుకుంటాం."

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బల్ల గుద్ది మరీ నవ్వాను. "ఎవడండీ మేడమ్ ఆ వెర్రిబాగులవాడు?" అని కూడా అడిగాను. పక్కనున్న కుర్రాడు నా వైపు చూసి తల దించుకున్నాడు. అప్పుడు నా నవ్వు గొంతులోకి వెనక్కి వెళ్ళిపోయింది.

క్లాసయ్యాక వరండాలో ఆవిడ వెనకాలే నడిచాను. "అంటే ఆ రోజు నా సీ..."

"ఒక్క గింజ కూడా కొలవలేదు సార్," అంది.

"మీకు అప్పుడే తెలుసా?"

"మీ తెర మీద లెక్క లేదు కదండీ. సూడగానే తెలిసింది."

"మరి అప్పుడే సార్‌తో చెప్పచ్చు కదా! అక్కడితో పందెం మీదయ్యేది. నేనైతే..." నేనైతే బల్లెక్కి అరిచేవాణ్ణి. అరిచాను కూడా.

ఆవిడ నవ్వింది, ఆ రోజు నా తెర చూసి నవ్విన నవ్వే. "సెబుదామనే లేచాను సార్. మిమ్మల్ని చూస్తే పిల్లల భుజాల మీద కాలరు సర్దుకుంటన్నారు. మొకం వెలిగిపోతన్నాది. దింపబుద్ధి కాలేదు."

ఇప్పుడు నేనే పిల్లలకి రెండు భాషలూ చెబుతున్నాను. ఏ ప్రోగ్రామైనా మరీ వేగంగా అయిపోతే సంతోషం కలగదు, ముందు అనుమానం వస్తుంది. నడక కూడా నెమ్మదించింది, స్టేషన్లో అందరూ నన్ను దాటిపోతుంటారు. అప్పుడప్పుడూ ఆ కుర్ర మాస్టారు గుర్తొస్తాడు, ఒక్క గింజైనా కొలవకుండా జగజ్జేతలా గాల్లో తేలుతున్నవాడు. పిలిచి అసలు సంగతి చెప్పెయ్యాలనిపిస్తుంది. కానీ వాడి మొహం చూస్తే నాకూ దింపబుద్ధి కాదు. ఇంకాసేపు ఉండనిస్తాను.