దమయంతి చెరిపిన గీత

కాస్త ఇలా జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే మాట కాదిది. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. ఎన్నో ఏళ్ళుగా నా గుండె మీద ఒక బరువుంది. మా ఇంట్లో వాళ్ళకు నేను చెప్పని కథ లేదు. ఎవరి పెళ్ళిలో ఏం వండారో, ఏ తుఫానుకు ఎవరి జీడితోట పడిపోయిందో అన్నీ చెప్పాను. ఇదొక్కటే చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అనుకునేదాన్ని. నిజమా? నేనే ఎవరినీ అడగనివ్వలేదేమో.

నేను పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరేదాన్ని. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. దమయంతి అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. వజ్రపుకొత్తూరు వైపు పిల్ల, నాకంటే చిన్నది, నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేది. పిక్క కొడితే పెంకులోంచి చిమ్మే నూనె చేతులను కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా ఆగదు. ఆమె వేళ్ళ కొసలు నల్లబడి చర్మం పొరలుగా లేచేది. అన్నం చెంచాతో తినేది.

మా ఏరుడు గదిలో ఒక పద్ధతుంది. తట్ట తూకానికి వెళ్ళేముందు పక్కమనిషి దాన్ని తిరగేసి చూడాలి. పొట్టు అంటుకున్న పప్పు, విరిగిన బద్ద కనబడితే తీసి బయట పెడుతుంది. ఆమె తీసినకొద్దీ మన కూలి తగ్గుతుంది. అందుకే తప్పు చూపించే మనిషంటే మన కడుపు కొట్టే మనిషని మాకందరికీ ఒంటబట్టిపోయింది. దమయంతి ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు.

కాశీబుగ్గలో బీరువాలు, మంచాలు చేసే షాపు ఒకటుంది. చెక్క కోయకముందే బీరువా ఎలా ఉండబోతుందో కాగితం మీద గీసి చూపించే మనిషి కోసం యజమాని వెతుకుతున్నాడు. ఆయన మేనమామ టెక్కలిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముగ్గులు బాగా వేసే ఆడవాళ్ళకు ఆదివారాలు నేర్పుతాను, బాగా వచ్చినావిడను నువ్వు తీసుకో అన్నారట. అలా నేనూ, దమయంతీ, ఇంకొందరం చేరాం. కావలసింది మాత్రం ఒక్కరే. కూర్చుని చేసే పని. నూనె అంటని పని.

మాస్టారు పెట్టెలు తప్ప ఇంకేమీ వేయనిచ్చేవారు కాదు. అగ్గిపెట్టె, పప్పు డబ్బాలు సర్దే అట్టపెట్టె, ట్రంకుపెట్టె. కంటి ఎత్తులో కాగితానికి అడ్డంగా ఒక గీత, దాని రెండు చివరలా రెండు చుక్కలు. నిలువు అంచులు నిలువుగానే ఉంటాయి. వెనక్కి వెళ్ళే అంచులు మాత్రం ఆ చుక్కల వైపు దగ్గరవుతూ పోవాలి. దూరాన రైలు పట్టాలు కలిసిపోతున్నట్టు కనబడవూ, అలాగ. ముగ్గుకు అలవాటుపడ్డ చెయ్యి దీనికి ఒప్పుకోదు. ముగ్గులో రెండువైపులా సమానంగా ఉంటేనే అందం. గీశాక కాగితాలు మార్చుకోవాలి. ఎదుటివాళ్ళ తప్పు గీత పక్కన ఎర్ర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, ఎందుకో చెప్పాలి.

నా కాగితం దమయంతికి వెళ్ళింది.

"ఓలప్పా, నీ పెట్టి ఎనక్కి ఎల్లినకొద్దీ పెద్దదైపోతంది! ఇలాటి బీరువా సేయిత్తే తలుపులు ఇంట్లోకి వత్తాయి గానీ ఎనక బాగం ఈదిలోనే ఉండిపోద్ది."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ లోపల మాత్రం నా తట్ట తిరగేసినట్టే అనిపించింది. ఈ పిల్ల నన్నెందుకు కిందకి లాగుతోంది? మిగిలినవాళ్ళ కాగితాలు చూసి బాగుంది అంటుంది కదా, నా దగ్గరే ఎందుకంతసేపు ఆగింది? క్లాసయ్యాక మాస్టారి దగ్గర నిలబడి మెల్లగా ఏదో అడిగింది. ఏం అడిగింది? మాస్టారికి ఈ పిల్ల వాళ్ళెవరైనా తెలుసా? ఆమె ఏమడిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. రబ్బరు ముక్క అడిగిందేమో. అంత చిన్న మాట చుట్టూ నేను ఎంత పెద్ద కుట్ర అల్లుకున్నానో చూడండి.

ఫ్యాక్టరీకి సెలవొచ్చిన రోజు మధ్యాహ్నం, మా అరుగు మీద అట్టపెట్టె పెట్టి, కొబ్బరి ఈనెను చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి అంచులు చూశాను. ఆమె చెప్పిందే నిజం. అంచులు దగ్గరవుతున్నాయి. ఆ రోజు నుంచి నా పెట్టెలు నేల మీద కూర్చున్నట్టు కుదిరాయి. అంటే ఆమె తప్పు చూపించబట్టే నాకు వచ్చింది. అది తెలిసీ చేశాను ఆ తర్వాత చేసిన పని. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు సందు లేదు.

యజమాని వచ్చి చూసే ఆదివారం అందరం బీరువా గీశాం. దమయంతి బీరువా చూస్తే తలుపు తీయాలనిపించింది. ఇచ్చేముందు తన కాగితం నా ఒళ్ళో పెట్టింది.

"ఏటైనా తేడా ఉంటే ఇప్పుడే సెప్పప్పా. ఆ పిక్కల కాడికి మల్లీ ఎల్లలేను నాను."

"పైపలక ఎనకాల నలిగిపోయినట్టుంది పిల్లా. రెండంచులూ సమానంగా లేవు."

"దగ్గరికి రావాలనీసి కదా మాస్టారు సెప్పినారు?"

"అది రైలు పట్టాలకి. నాలుగు మూరల బీరువాకి అంత తేడా ఏటొత్తాది? కొనీవోడు వంకర సరుకనుకుంటాడు."

"నిజమేటి?"

"నీకు నానెందుకు అబద్దం సెప్తాను?"

ఆమె చెరిపింది. నల్లబడ్డ ఆ వేళ్ళతో రబ్బరు పట్టుకుని, కాగితం చిరగకుండా మెల్లగా చెరిపి, పొడి ఊదేసి, రెండంచులూ సమానంగా గీసింది. చక్కటి బీరువా ఒక్క గీతతో వంగిపోయింది. అప్పుడు నా కాగితం తీసుకుంది. నా బీరువా అంచులు దగ్గరవుతూనే ఉన్నాయి. ఆమెకు చెప్పిన మాట నేను పాటించలేదని అక్కడే రాసి ఉంది. చాలాసేపు చూసింది. ఒకసారి తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"బాగుందప్పా," అని ఇచ్చేసింది.

మాస్టారు ఆమె కాగితం చూసి, మొన్నటిదాకా బాగానే గీశావు కదమ్మా, ఈ రోజేమైంది అన్నారు. నాకే అలా తోచింది మాస్టారూ అంది. నా పేరు చెప్పలేదు. పని నాకు వచ్చింది. ఆమె పిక్కల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎందుకు చెప్పలేదు? నన్ను నమ్మిందా? లేక తెలిసే ఊరుకుందా? తెలిసి ఊరుకుంటే ఎప్పుడో ఒకరోజు అడగడానికి దాచుకుందా? ఇన్నేళ్ళూ నాది ఇదే గోల. సంతలో కనబడి "బాగున్నావేటప్పా?" అంటే, ఆ మాటను ఇంటికి తెచ్చుకుని తిరగేసి మరగేసి చూసుకునేదాన్ని. ఆమె నవ్వితే అనుమానం. నవ్వకపోతే ఇంకా అనుమానం.

ఈమధ్య షాపులో ఇంకో మనిషి కావాలన్నారు. నేను దమయంతి ఇంటికి వెళ్ళాను. పని సంగతి చెప్పి, ఆ వెనకాలే అసలు సంగతీ చెప్పేద్దామనే వెళ్ళాను. పీట వేసింది, టీ ఇచ్చింది. షాపుకి రా, నేను మాట్లాడతాను అన్నాను.

"నాకు పెట్టిలు రావప్పా. నువ్వే కదా సూసి సెప్పినావు," అంది. అని నవ్వింది.

ఆ నవ్వులో ఏముందో నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ తనకు రాదనే నమ్ముతూ బతికిందా? లేక నాకు చెప్పే వీలు ఇచ్చి, చెబుతానా లేదా అని చూసిందా? ఏదైనా, అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. నీది తప్పు కాదు పిల్లా, నేనే అబద్ధం చెప్పాను, అంతే. టీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. వస్తాను అని వచ్చేశాను. మొదటిది అసూయతో చేశాననుకుందాం. ఇది ఎందుకు చేశాను? అప్పటి కంటే ఇప్పుడే పెద్ద తప్పు చేశానేమో.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది సరిపోదని నాకు తెలుసు. మీరు నన్ను మంచిదాన్ననడానికి చెప్పడం లేదు. అనొద్దు కూడా. దమయంతికి పెట్టెలు వచ్చు. మా అందరిలోకీ బాగా వచ్చింది ఆమెకే. ఆమె సరిగ్గా గీసిన గీతను నేను అబద్ధమాడి చెరిపించాను. ఇదుగో, అనేశాను. ఊపిరి కాస్త కిందిదాకా దిగుతోంది.

ఇక లేవండి, మీ పొయ్యి మీద ఏదో ఉండే ఉంటుంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లల చేతులు ఏ పనిలోనూ కాలకుండా ఉండాలి. వాళ్ళ పని చూసి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒక్కరైనా వాళ్ళ పక్కన కూర్చోవాలి.