ఆరడుగుల వాకిలి

2016 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం 8:40కి రాజాంలోని సంరక్షణ కేంద్రం నుంచి మేనత్తను కారులో తీసుకుని బయలుదేరాను. సముద్రపు ఒడ్డున ఆమె ఊరు 54 కిలోమీటర్లు, 10:20కి చేరాం. సాయంత్రం నాలుగు లోపల తేల్చవలసింది ఒక్కటే: ఆమె ఇక ఇంట్లోనే ఉండిపోవచ్చా, తిరిగి రాజాం పోవాలా.

అంతకు నాలుగు నెలల ముందు ఆమె జారిపడి ఎడమ తుంటి విరిగింది. కృత్రిమ కీలు అమర్చిన డాక్టరు, తొంభై డిగ్రీలకు మించి వంగితే అది తప్పుతుందని హెచ్చరించాడు. మా తీరంలో పూరిళ్ల చూరును గాలి ఎత్తుకుపోకుండా బాగా కిందికి దించి కడతారు. మేనత్త వాకిట్లో అది నేలకు మూడడుగుల పది అంగుళాలు. డాక్టరు మాట మీరితే తప్ప ఆమె తన ఇంట్లో అడుగు పెట్టే వీలు లేదు.

కట్టడాల లెక్కలు బోధించడం నా వృత్తి. వాకిలి మేరకు చూరును ఆరడుగులకు ఎత్తి, వాసాలకు అదనపు కట్లు వేసేలా ముందే పటం గీసి పంపాను. మేనత్త కొడుకు, నా బావ, దాన్ని చూసి నవ్వాడట. తర్వాత ఫోనులో, "నువ్వు లెక్క సూసినావు గానీ గాలి సూణ్ణేదు బావా," అన్నాడు. అయినా తల్లి కోసం ఎత్తించాడు.

మేనత్త వాకర్ పట్టుకుని వాకిలి దాకా నిటారుగా నడిచింది. అక్కడ, తలపైన అడుగుకు మించి ఖాళీ ఉండగా, వాకర్ వదిలేసి పూర్తిగా వంగి లోపలికి దూరింది.

"అత్తా! వంగొద్దన్నాను కదా!"

"నానెక్కడ వంగినాన్రా? బాగానే వచ్చినాను కదేటి!"

బయటికి రప్పించి మళ్లీ నడిపించాను. మళ్లీ వంగింది. మూడోసారి పక్కనే నిలబడి, పైకి చూస్తూ నడవమన్నాను.

"పైకి సూస్తే గడప ఎవలు సూస్తారు? మీ తాతా?"

బావ పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. గడప దగ్గర ఆమె వెన్ను తనంతట తానే వంగింది. వంగినట్టు ఆమెకు నిజంగానే తెలియలేదు. యాభై ఏళ్లుగా ఆ చూరు కింద దూరిన మనిషి. పటంలో నేను కొలిచింది వాకిలిని మాత్రమే.

మధ్యాహ్నం చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. "ఆ రాజాం సాంబారు తిని నా నోరు సచ్చిపోయినాది. నన్నిక్కడే వొగ్గేయండి."

బావ తెల్లవారకముందే వేటకు పోతాడు, అతని భార్య చేపల గంపతో సంతకు. పగలు ఆమెను కనిపెట్టి ఉండే మనిషి లేడు. "ఇంకోపాలి ఇరిగితే ఏటి సేద్దాం?" అన్నాడు బావ. తల్లీకొడుకులిద్దరూ నా వైపే చూశారు. నా దగ్గర ఉన్నది డాక్టరు చెప్పిన ఆ ఒక్క కోణం. రాజాం అన్నాను.

"మరెందుకురా సూరు ఎత్తించినావు? కాకులు దూరడానికా?" అంది మేనత్త. నాలుగింటికి కారెక్కింది.

కేంద్రంలో వెళ్లే చోటు లేక ఆమె మంచం దిగడం తగ్గించింది. ఏడాది తిరిగేసరికి నడక ఆగిపోయింది. ఆ లోపే, 2016 జూలై గాలులకు, ఎత్తిన చోటి నుంచే కప్పు లేచింది. బావ చూరును పాత ఎత్తుకే దించి కట్టించాడు.

ఎత్తడానికి ఏడు వేలు, దించడానికి తొమ్మిది వేలు. ఆమె చనిపోయేదాకా కేంద్రంలో ఇరవై రెండు నెలలు. ఇంట్లో అయిదున్నర గంటలు. తుంటి కీలు చివరిదాకా తప్పలేదు.