జ్వరాల్లేని హాస్టల్

చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన ఏడు నేను వనపర్తి దగ్గర ఒక పీజీ కాలేజీలో చదువుతున్నాను. దాని పేరు చెప్పను, చెప్పుకుని మురిసిపోయేంత కాలేజీ కాదు. మాది ఖిల్లా ఘణపూర్. నా రూమ్మేట్‌ది ఉప్పునుంతల వైపు. వాళ్ల అమ్మానాన్నలు ఇంటికి తాళం వేసి పుణెలో బిల్డింగు పనులకు పోయారు.

హాస్టల్లో మొదట వంటామెకు వచ్చింది. ఆ తర్వాత వరసపెట్టి చాలామందికి అంటుకుంది. జ్వరం తగ్గినా కీళ్లనొప్పులు వదిలేవి కావు. నా రూమ్మేట్‌కైతే వేళ్లు వాచి పెన్ను పట్టుకోవడమే కుదరలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి. అవి వాయిదా పడకపోతే ఆమెకు ఏడాది పోతుంది, ఇంకో ఏడాది చదివించే శక్తి ఆ ఇంటికి లేదు. అందుకే అందరం కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం.

ఆయన మా మాట విన్నాడంటే అబద్ధమే. వాచీ చూసుకుంటూ, "జ్వరాల మీద మీటింగుకు వీసీ సారు వస్తుండు. అప్పుడు ఆయన్నే అడుగుండ్రి. జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు. వీసీ అంటే మా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్, వీళ్లందరికీ దేవుడు.

ఆ దేవుడి రాకకు జరిగిన ఏర్పాట్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దోమల పొగ గేటు నుంచి స్టేజీ దాకా, కారు వచ్చే దారిలో మాత్రమే కొట్టించారు. హాస్టల్ వెనక మురుగుకాల్వ వైపు ఎవరూ తొంగి చూడలేదు. ఏళ్లుగా ఎండిపోయి ఉన్న ఫౌంటెన్‌ను ట్యాంకర్ తెప్పించి నింపారు. దోమల మీద మీటింగు పెట్టి, దోమలు గుడ్లు పెట్టుకోవడానికి చోటు చూపించిన మేధావులు వాళ్లు. ఇదంతా చాలదన్నట్టు ఆఖర్న ఆర్డరు వేశారు. జ్వరం వచ్చినవాళ్లంతా సాయంత్రంలోగా ఇళ్లకు పోవాలట.

వార్డెన్ మేడం గది గదికీ వచ్చి ఖాళీ చేయించింది. నా రూమ్మేట్ పడుకున్న చోటి నుంచే, "యాడికి పోవాలె మేడం? మా అమ్మోళ్లు పుణెల ఉన్నరు. ఇంటికి తాళమున్నది" అంది.

"అయితే నీకు జ్వరం లేదనుకో. పొద్దుగాల మీటింగుకు రా" అంది మేడం. ఇంత తేలిగ్గా రోగం నయం చేసిన డాక్టర్‌ను నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు ఎవరూ లోపల ఉండిపోకుండా హాస్టల్‌కు తాళం వేశారు. నా రూమ్మేట్‌ను ఇద్దరం చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలో జంపఖానా మీద కూర్చోబెట్టాం. ఆ వాచిన వేళ్లు చూస్తే వీసీ మనసు కరుగుతుందని మా వెర్రి ఆశ.

వీసీ దండలు వేయించుకున్నాడు, శాలువా కప్పించుకున్నాడు, పరిశుభ్రత గురించి గంటసేపు వాయించాడు. మధ్యలో ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "హాస్టల్లో ఎంతమందికి జ్వరం?" అని అడిగాడు.

"ఒక్కరికీ లేదు సార్."

వీసీ మొహం వెలిగిపోయింది. "చూశారా! సమర్థ నాయకత్వం అంటే ఇదీ. మరి పరీక్షలు వాయిదా వేయమని ఈ గొడవెందుకు? అనుకున్న తేదీకే జరుగుతాయి" అన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా లెక్చరర్లే. ఆ పూట వాళ్ల మీద పుట్టిన అసహ్యం నాకు ఇంకా పోలేదు.

చివర్లో జనగణమనకు అందరం లేచాం. నా రూమ్మేట్ అరచేతులు నేలకు ఆనించి లేవబోయి, మూలిగి, మళ్లీ కూలబడింది. పాట అయ్యాక వీసీ మైకు వదల్లేదు.

"ఎవరా అమ్మాయి? జాతీయగీతానికి లేచి నిలబడాలన్న ఇంగితం లేదా?"

ఆమె దండం పెట్టబోయింది. వేళ్లు చాపడానికి రాలేదు. "లేవనీకె అయితలేదు సార్. మోకాళ్లు పట్టుకున్నయి. జ్వరమున్నోళ్లను ఇంటికి పొమ్మన్నరు. పోనీకె ఇంట్ల ఎవ్వరు లేక గిట్ల కూసున్న."

ఇప్పుడైనా పరీక్షల మాట ఎత్తుతాడని ఎదురుచూశాను. ఆయన ప్రిన్సిపాల్ చెవిలో ఏదో చెప్పి కారెక్కాడు.

ఏం చెప్పాడో తర్వాత నోటీసు బోర్డు మీద చూశాం. లేని జ్వరాలు తగ్గేదాకా మీటింగుల్లో జనగణమన పాడించొద్దట. పరీక్షలు మాత్రం అదే తేదీకి పెట్టారు. నా రూమ్మేట్ హాల్‌టికెట్ నంబరు ఎలాగో రాసి, ఆ తర్వాత పెన్ను పట్టలేక, తెల్లకాగితాలే ఇచ్చి వచ్చింది.